దివ్యాంగ పిల్లల విదేశీ దత్తత: ఫైలులో ఏం రాయాలి, ఎక్కడ ఆగిపోతుంది?

కొత్త_సోషల్‌వర్కర్_విశాఖ
అందరికీ నమస్కారమండి. శిశుగృహలో, అంటే పిల్లల్ని ఉంచుకుని దత్తతకిచ్చే కేంద్రంలో, దత్తత ఫైళ్ళ పని తెలిసినవాళ్ళ సలహా కావాలి. ముగ్గురు పిల్లల కాగితాలు సిద్ధం చేయాలి.

ఒక పాపకి మూడేళ్ళు. పుట్టుకతో రెండు పాదాలూ వంకర. పసితనంలో పిండికట్లు వేశారు, సరయ్యాయి, ఇప్పుడు మళ్ళీ లోపలికి తిరుగుతున్నాయి. వినికిడి కూడా తక్కువ, మిషన్లు పెట్టారు. ఒక బాబుకి పదకొండు నెలలు. నెలలు నిండకుండా 30 వారాలకే పుట్టాడు, రిపోర్టులో "సెరెబ్రల్ పాల్సీ" (మెదడు దెబ్బతిని కదలికలు కుదరకపోవడం) అని ఒక్క మాట రాసి ఉంది. మరో బాబుకి ఏడేళ్ళు, హెచ్‌ఐవీ ఉంది, మందులు వేసుకుంటున్నాడు, బడికి వెళ్తున్నాడు. ముగ్గురికీ బాలల సంక్షేమ కమిటీ దత్తతకు అర్హులని ఉత్తర్వు ఇచ్చింది. దేశంలో ఎవరూ ముందుకు రాలేదు, విదేశీ కుటుంబాలకు చూపించే దశ. ఎంఈఆర్ (వైద్య పరీక్ష రిపోర్టు), సీఎస్‌ఆర్ (బిడ్డ తీరుతెన్నుల రిపోర్టు) ఎలా రాస్తే పిల్లలకు మేలు? తర్వాత ఎక్కడ ఆలస్యమవుతుంది?

మోడరేటర్
మొదటి పోస్టులో పుట్టిన తేదీలు, కేంద్రం ఉన్న వీధి తీసేశాను. బాల న్యాయ చట్టం సెక్షన్ 74 ప్రకారం పిల్లల్ని గుర్తుపట్టేలా వివరాలు బయటపెడితే ఆరు నెలల వరకు జైలు, లేదా రెండు లక్షల వరకు జరిమానా, లేదా రెండూ. ఫొటోలు, రిపోర్టుల స్కానులు దయచేసి పెట్టొద్దు. జబ్బు గురించి మాట్లాడుకోవడానికి ఇవేవీ అక్కర్లేదు.

వాల్తేరు_పిల్లల_డాక్టర్
ముందు పదకొండు నెలల బాబు సంగతి చూద్దాం, అక్కడే తొందరపాటు కనిపిస్తోంది.

30 వారాలకు పుట్టిన బిడ్డకి 40 వారాల లెక్కలో పది వారాలు తక్కువ. కాబట్టి ఈ బాబుని పదకొండు నెలలవాడిగా కాకుండా సుమారు ఎనిమిదిన్నర నెలలవాడిగా చూడాలి. రెండేళ్ళు వచ్చేదాకా ఎదుగుదలను ఈ సరిదిద్దిన వయసుతోనే కొలుస్తాం. ఎనిమిదిన్నర నెలల వాడు లేచి నిలబడకపోతే అది జబ్బు కాదు కదండీ.

రెండో సంగతి. నెలలు తక్కువ బిడ్డల్లో కాళ్ళ బిగుతు మొదటి ఏడాదిలో కనిపించి తర్వాత సడలిపోవడం చాలా మామూలు. అందుకే బిగుతు ఒక్కటే చూసి సెరెబ్రల్ పాల్సీ అని రాయకూడదు. పసిపిల్లల నరాల పనితీరు చూసే హైన్ పరీక్ష చేయించండి. చేతులతో, కళ్ళతో చేసే పరీక్ష, ఖర్చు ఉండదు, పావుగంట పడుతుంది. మొత్తం 78 మార్కులు. 6, 9, 12 నెలల దగ్గర 73 కంటే తక్కువ వస్తే పాల్సీ ముప్పు ఎక్కువ అని అర్థం. ఆ మార్కు, మెదడు ఎంఆర్‌ఐ ఫలితం, మూర్ఛలు వచ్చాయా లేదా, ఈ మూడూ ఉంటేనే ఆ పేరుకి విలువ. తేలనప్పుడు "పాల్సీ అనుమానం, 12 నెలలకు మళ్ళీ చూడాలి" అని రాయండి. అది అబద్ధం కాదు, దాపరికమూ కాదు.

కళ్ళు మర్చిపోకండి. 34 వారాల లోపు గానీ, రెండు కిలోల లోపు గానీ పుట్టిన ప్రతి బిడ్డకీ పుట్టిన నాలుగు వారాల్లోపు రెటీనా (కంటి లోపలి పొర) పరీక్ష జరగాలి. బాబు ఆసుపత్రి డిశ్చార్జి కాగితంలో అది జరిగిందో లేదో చూడండి. జరగకపోతే ఇప్పుడైనా హనుమంతవాక ఎల్వీ ప్రసాద్ కంటి ఆసుపత్రిలోనో, ప్రభుత్వ ప్రాంతీయ కంటి ఆసుపత్రిలోనో చూపించి ఫలితం జత చేయండి. చూపు సరిగా లేని బిడ్డ బొమ్మ అందుకోడు, మొహం చూసి నవ్వడు. దాన్ని బుద్ధిమాంద్యం అని రాసేస్తారు. ఈ పొరపాటు ఫైళ్ళలో ఎక్కువ.

అన్నిటికన్నా ముఖ్యం తల చుట్టుకొలత. విదేశీ డాక్టరు ఫైలు తెరవగానే వెతికేది అదే. ఒక్క అంకె పనికిరాదు, నెల నెలా కొలిచిన వరుస కావాలి. టేపు కనుబొమల పైనుంచి, వెనక తల ఎక్కువ ఉబ్బిన చోట మీదుగా పోవాలి. మూడుసార్లు కొలిచి పెద్ద అంకె రాయాలి. జుట్టు మీద జడలు, పిన్నులు ఉంటే తీసెయ్యాలి. నెలకో ఆయా నెలకో తీరుగా కొలిస్తే గీత పైకీ కిందకీ ఎగురుతుంది, అక్కడ వాళ్ళు భయపడి వదిలేస్తారు. అందుకే ఒకే మనిషి, ఒకే టేపు.

ఫిజియో_గాజువాక
పాప పాదాల గురించి నేను రాస్తాను. వంకర పాదానికి పొన్సేటి పద్ధతిలో వారానికొకటి చొప్పున ఐదారు పిండికట్లు, తర్వాత చాలామందికి మడమ వెనక స్నాయువుకి (కండరాన్ని ఎముకకి కలిపే తాడు లాంటిది) చిన్న కోత, ఆ పైన మూడు వారాల ఆఖరి కట్టు. అంతా రెండు మూడు నెలల్లో అయిపోతుంది. అసలు వైద్యం ఆ తర్వాత మొదలవుతుంది: కడ్డీకి బిగించిన బూట్లు. మొదటి మూడు నెలలు రోజుకి 23 గంటలు, తర్వాత రాత్రిపూట, పగటి నిద్రలో, నాలుగేళ్ళు వచ్చేదాకా. వంకర పాదం వైపు బూటు 60 నుంచి 70 డిగ్రీలు బయటికి తిరిగి ఉండాలి. పాపకి రెండూ వంకరే కాబట్టి రెండు వైపులా అంతే.

పాదాలు మళ్ళీ తిరిగాయంటే తొంభై పాళ్ళు బూట్లు తొడగకపోవడమే. కేంద్రాల్లో ఇది ఎలా జరుగుతుందంటే, రాత్రి డ్యూటీ ఆయా ఒక్కరే ఉంటారు, పది మంది పిల్లలు. బిడ్డ ఏడిస్తే కడ్డీ విప్పేస్తారు. ఆవిడ తప్పు కాదు, ఎందుకు తొడగాలో ఆవిడకి ఎవరూ చెప్పలేదు. ఇంకోటి, పాదం పెరిగి బూటు చాలదు, కొత్త జత వచ్చేసరికి రెండు నెలలు. మంచం దగ్గర గోడకి ఒక చార్టు అంటించండి: ఎన్నింటికి తొడిగారు, ఎన్నింటికి విప్పారు, తొడిగినవాళ్ళ సంతకం. మడమ దగ్గర ఎర్రబడితే ఆ మాట కూడా.

మూడేళ్ళకి మళ్ళీ తిరిగినా భయం లేదు. మళ్ళీ కట్లు వేస్తారు, రెండు మూడు చాలు చాలాసార్లు. నడిచేటప్పుడు పాదం లోపలికి గుంజుతుంటే కాలి ముందు కండరం స్నాయువుని పక్కకి మార్చే ఆపరేషన్ ఉంది, సుమారు ఈ వయసు నుంచే చేస్తారు. పెదవాల్తేరు రాణీ చంద్రమణీదేవి ఆసుపత్రిలో ఎముకల డాక్టరుకి చూపించి, పాదం ఇప్పుడు ఏ స్థితిలో ఉందో రాయించండి. "క్లబ్‌ఫుట్" అని ఒక్క ముక్క రాస్తే చదివేవాళ్ళకి కుంటి బిడ్డ కనిపిస్తుంది. "కట్లతో సరై, తిరిగి మొదలైన వంకర; ఆసరా లేకుండా నడుస్తుంది, మెట్లు రెండు కాళ్ళూ ఒకే మెట్టు మీద పెట్టి ఎక్కుతుంది" అని రాస్తే బిడ్డ కనిపిస్తుంది.

అక్కయ్యపాలెం_వాసి
ఒక సందేహమండి, కోపంగా అనుకోకండి. ఇంత దూరం ఎందుకు పంపాలి? మన పిల్లల్ని మన ఊళ్ళోనే పెంచుకునేలా చేయలేమా? అదీగాక మన రాష్ట్రంలో దత్తత పేరుతో పిల్లల అమ్మకాలు జరిగాయి కదా.

మహారాణిపేట_వకీలు
మీ ప్రశ్న న్యాయమైనదే. 1999లోనూ 2001లోనూ ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో తండాల నుంచి ఆడశిశువుల్ని కొని విదేశాలకు పంపిన వ్యవహారం బయటపడింది. ఆ గాయం వల్లే ఇప్పుడు ప్రతి కాగితం మీద ఇంత పట్టింపు.

చట్టం వరుస ఇది. 1993 నాటి హేగ్ ఒడంబడికను మన దేశం 2003లో ఆమోదించింది. ఆ ఒడంబడిక ప్రాణం ఒకటే: ముందు సొంత కుటుంబం, అది కుదరకపోతే సొంత దేశంలో కుటుంబం, అదీ దొరక్కపోతేనే వేరే దేశం. బాల న్యాయ చట్టం 2015 సెక్షన్ 59 అదే మాట అంటుంది. దత్తతకు అర్హత ప్రకటించాక 60 రోజుల్లో భారతీయ, ప్రవాస భారతీయ తల్లిదండ్రులు దొరక్కపోతే విదేశీ దత్తతకు వీలు. శారీరక, మానసిక వైకల్యం ఉన్నవాళ్ళకి, తోబుట్టువులకి, ఐదేళ్ళు దాటినవాళ్ళకి అందులో ప్రాధాన్యం.

మన ఊళ్ళో పెంచుకోవాలనుకునేవాళ్ళకి తలుపు మూయలేదండి. 2022 దత్తత నిబంధనల ప్రకారం ఇద్దరు పిల్లలున్న దంపతులకి మామూలుగా మరో బిడ్డని చూపించరు, కానీ ప్రత్యేక అవసరాలున్న బిడ్డ అయితే చూపిస్తారు. మామూలు బిడ్డ కోసం ఏళ్ళ తరబడి వరుసలో ఉన్నవాళ్ళలో ఎంతమందికి ఈ సంగతి తెలుసో! దంపతుల వయసుల మొత్తం కూడా బిడ్డ వయసుని బట్టి పెరుగుతుంది: రెండేళ్ళ లోపు బిడ్డకి 85, నాలుగేళ్ళ లోపు 90, ఎనిమిదేళ్ళ లోపు 100, ఆ పైన 110. ఒంటరివాళ్ళకి 40, 45, 50, 55. ఒంటరి మగవాళ్ళకి ఆడపిల్లని ఇవ్వరు.

ఫైలు_పని
వకీలు గారు చెప్పిన "ముందు సొంత కుటుంబం" దగ్గర ఒక మాట. వైకల్యం ఉందని పుట్టగానే ఆసుపత్రిలోనే వదులుకోవాలనుకునే తల్లిదండ్రులు ఉంటారు. కమిటీ ముందు సరెండర్ పత్రం రాసినా 60 రోజులు మనసు మార్చుకునే హక్కుంది. ఆ 60 రోజులూ ఊరికే గడిచిపోతే ఎవరికి నష్టం? వాళ్ళకి ఏం దొరుకుతుందో చెప్పాలి. సదరం (వైకల్యం ఎంతో తేల్చే) సర్టిఫికెట్‌లో 40 శాతం వస్తే నెలకి 6,000 రూపాయల పింఛను, పూర్తిగా మంచాన పడ్డవాళ్ళకి 15,000. ఆర్బీఎస్కే (పిల్లల ఆరోగ్యానికి ప్రభుత్వ పథకం) కింద పరీక్షలు, ఆపరేషన్లు ఉచితం. గ్రహణమొర్రికి ఆపరేషన్ చేస్తే మూడు నెలల బిడ్డ మొహం మారిపోతుంది. ఈ మాటలు విని బిడ్డని వెనక్కి తీసుకెళ్ళే తల్లులుంటారు. అప్పుడు మనం ఫైలు తెరవాల్సిన పనే ఉండదు, అదే అన్నిటికన్నా మంచిది.

కొత్త_సోషల్‌వర్కర్_విశాఖ
చాలా థాంక్సండి. ముగ్గురిలో ఎవరికీ సొంతవాళ్ళ ఆచూకీ లేదు. పత్రికా ప్రకటన, పోలీసుల "ఆచూకీ దొరకలేదు" రిపోర్టు ఉన్నాయి. సీఎస్‌ఆర్ గురించి చెప్పండి. పాతవాటిలో అన్నిట్లో ఒకే వాక్యం ఉంది: "బిడ్డ చురుకుగా ఉంటుంది, అందరితో కలిసిపోతుంది."

ఫైలు_పని
ఆ వాక్యం ఉన్న ఫైలుని విదేశీ ఏజెన్సీలు పక్కన పెడతాయి. ఎందుకంటే అది ఏ బిడ్డ గురించీ కాదు.

పాప పక్కన రెండు రోజులు కూర్చోండి. తిండి దగ్గర: చెంచా తనే పట్టుకుంటుందా, పెరుగన్నం మింగుతుందా లేక అన్నీ మెత్తగా చేయాలా, ద్రవాలు తాగితే దగ్గొస్తుందా. నిద్ర దగ్గర: ఎవరి పక్కన పడుకుంటుంది, ఏం చేస్తే ఏడుపు ఆపుతుంది. ఇలా రాయండి: "వెనక నుంచి పిలిస్తే తిరగదు, బల్ల మీద చరిస్తే వెంటనే చూస్తుంది. మిషన్లు పెట్టాక కుక్కర్ కూతకి తల తిప్పుతుంది. గ్లాసు రెండు చేతులతో పట్టి ఒలకకుండా తాగుతుంది. వేరే పిల్ల బొమ్మ లాక్కుంటే ఆయా చెయ్యి పట్టుకుని తీసుకెళ్ళి చూపిస్తుంది." ఈ ఆఖరి వాక్యం చదివిన మానసిక వైద్యుడికి సగం పరీక్ష అయిపోయినట్టే, బిడ్డ సాయం కోరుతోంది, మనుషుల్ని నమ్ముతోంది.

వీడియో నాలుగైదు నిమిషాలు చాలు. పాటలు, పువ్వుల ఫ్రేములు వద్దు. వెలుతురులో నడక ముందు నుంచి, వెనక నుంచి, పక్క నుంచి. నేల మీద కూర్చుని లేవడం. రెండు చేతులతో ఏదైనా పట్టుకోవడం. తెలిసిన ఆయా పలకరిస్తే ఎలా స్పందిస్తుంది. బట్టలు ఒంటి మీద ఉండాలి. పాదాలు చూపడానికి మోకాళ్ళ దాకా చాలు.

రిపోర్టు పాతబడనివ్వకండి. చిన్నపిల్లల్లో ఆరు నెలల కిందటి ఎంఈఆర్ వేరే బిడ్డ గురించి రాసినట్టే. ప్రత్యేక అవసరం ఉందని తేల్చేది కేంద్రం కాదు, ప్రభుత్వ వైద్యాధికారి ధ్రువీకరణ. ఆ సంతకం ఉన్న కాగితమే దత్తతల ప్రభుత్వ వెబ్‌సైటు కేరింగ్స్ పోర్టల్‌లోకి ఎక్కించాలి.

వాల్తేరు_పిల్లల_డాక్టర్
ఒక హెచ్చరిక రెండు వైపులా. కొందరు బిడ్డకి త్వరగా ఇల్లు దొరకాలని జబ్బు తగ్గించి రాస్తారు. అక్కడికి వెళ్ళాక బయటపడితే ఆ కుటుంబం సిద్ధంగా ఉండదు, బిడ్డ రెండోసారి ఇల్లు పోగొట్టుకునే ప్రమాదం. మరికొందరు త్వరగా విదేశీ జాబితాలోకి పోతుందని చిన్న లోపాన్ని పెద్దది చేసి రాస్తారు. పుట్టినప్పుడు బరువు తక్కువ, కేంద్రంలో పెరగడం వల్ల కాస్త వెనకబాటు, దానికి "బుద్ధిమాంద్యం" అని ముద్ర. కేంద్రంలో పెరిగిన బిడ్డ ఎదుగుదలలో కొంత వెనకబడడం ఎక్కడైనా ఉంటుంది, ఇంట్లో పడ్డాక చాలావరకు పుంజుకుంటుంది. కారణం తెలియకపోతే గమనించింది రాయండి, పేరు పెట్టకండి.

ఏడేళ్ళ బాబుకి: ఎప్పటి నుంచి ఏఆర్‌టీ (హెచ్‌ఐవీ చికిత్స), ఏ మందులు, బరువుని బట్టి ఎంత మోతాదు, ఆఖరి వైరల్ లోడ్ (రక్తంలో వైరస్ ఎంతుందో) తేదీతో సహా, సీడీ4 (రోగనిరోధక కణాల లెక్క), టీబీ వచ్చిందా, టీబీ నివారణ మందు వేశారా. వైరల్ లోడ్ పట్టుబడనంత తక్కువగా ఉంటే ఆ వాక్యం మొదటి పేజీలో ఉండాలి. అది చదివితేనే కుటుంబానికి అర్థమవుతుంది, ఈ బాబు రోజూ మందు వేసుకుంటూ పెద్దవాడై చదువుకుని ఉద్యోగం చేసుకుంటాడని.

మహారాణిపేట_వకీలు
దానికి తోడు, 2017 హెచ్‌ఐవీ ఎయిడ్స్ చట్టం ప్రకారం ఆ సమాచారం గోప్యం. ఫైలు అట్ట మీద, బీరువా లేబుల్ మీద, రిజిస్టరులో ఆ మూడక్షరాలు రాయకండి. బడికి చెప్పాల్సిన పని లేదు. ఇంకోటి, ఐదేళ్ళు నిండిన బిడ్డ దత్తతకు తన సమ్మతి చెప్పాలి. బాబుకి తెలుగులో, నెమ్మదిగా, రెండు మూడుసార్లు కూర్చుని చెప్పాలి. ఒకసారి అడిగి వేలిముద్ర వేయించుకోవడం సమ్మతి కాదు.

డల్లాస్_తెలుగు_హోమ్‌స్టడీ
అమెరికా వైపు ఏం జరుగుతుందో రాస్తాను, ఆలస్యాలు ఎక్కడో తెలుస్తుంది.

ఇక్కడ కుటుంబానికి హోమ్ స్టడీ (ఇల్లు, కుటుంబం పరిశీలన) అయ్యాక ఐ-800ఏ, అంటే దత్తతకు తగినవాళ్ళని అమెరికా ప్రభుత్వ అనుమతి, వస్తుంది. అందులో ఏ వయసు బిడ్డ, ఎంతమంది, ఏ రకమైన వైకల్యం అన్నది రాసి ఉంటుంది. "స్వల్ప శారీరక లోపం" అని రాసిన కుటుంబం మీ పాపని ఇష్టపడి, తర్వాత ఎంఈఆర్‌లో తీవ్ర వినికిడి లోపం అని బయటపడితే హోమ్ స్టడీ సవరించాలి, మళ్ళీ అనుమతి రావాలి. నెలలు పోతాయి. అందుకే వినికిడి లోపం ఎన్ని డెసిబెల్స్ అని మొదటే ఉండాలి. తల్లిదండ్రులకి కనీసం పది గంటల శిక్షణ తప్పనిసరి. ప్రత్యేక అవసరాల బిడ్డకి చాలా ఏజెన్సీలు అంతకన్నా ఎక్కువే చేయిస్తాయి.

బిడ్డని రిజర్వ్ చేసుకున్నాక సీఎస్‌ఆర్, ఎంఈఆర్ మీద సంతకాలు పెట్టి 30 రోజుల్లో ఒప్పుకోవాలి. ఈ 30 రోజుల్లోనే ఇక్కడి డాక్టరు ప్రశ్నలు పంపుతాడు. మీ జవాబు 25వ రోజు వస్తే కుటుంబం భయపడి వదులుకోవచ్చు. ప్రశ్న వచ్చిన రెండు రోజుల్లో జవాబు పంపండి, తెలియకపోతే ఏ తేదీకి తెలుస్తుందో రాయండి.

తర్వాత వరుస: ఐ-800 (ఫలానా బిడ్డ కోసం పెట్టే దరఖాస్తు) తాత్కాలిక ఆమోదం, వీసా దరఖాస్తు, దత్తత ముందుకు సాగొచ్చని ఢిల్లీ అమెరికా రాయబార కార్యాలయం ఇచ్చే ఆర్టికల్ 5 ఉత్తరం, కారా (దత్తతలు చూసే కేంద్ర ప్రభుత్వ సంస్థ) ఎన్ఓసీ (అభ్యంతరం లేదన్న పత్రం), జిల్లా కలెక్టరు దత్తత ఉత్తర్వు, కారా ఇచ్చే హేగ్ ధ్రువపత్రం, పుట్టిన సర్టిఫికెట్, పాస్‌పోర్టు, వైద్య పరీక్ష, వీసా. ఐ-800 ఆమోదం రాకముందే దత్తత ఉత్తర్వు తీసుకోకూడదు, వీసా చిక్కుల్లో పడుతుంది. పెద్ద పిల్లల విషయంలో మరో గడువు: బిడ్డకి 16 ఏళ్ళు నిండకముందే ఐ-800 దాఖలు కావాలి. పదిహేనేళ్ళ పిల్ల ఫైలుని బల్ల మీద మూడు నెలలు ఉంచితే ఆ పిల్లకి ఆ దారి మూసుకుపోవచ్చు.

వైద్య పరీక్షలో అసలు ఆలస్యం టీబీ. రెండేళ్ళు దాటినవాళ్ళకి రక్తపరీక్ష, అనుమానం వస్తే ఛాతీ ఎక్స్‌రే, అది తేడాగా ఉంటే కఫం కల్చర్ (కఫంలో టీబీ క్రిమి పెరుగుతుందేమో చూడడం). కల్చర్‌కి ఎనిమిది వారాలు. తల్లిదండ్రులు టికెట్లు కొనుక్కుని ఢిల్లీలో కూర్చున్నాక ఇది తెలిస్తే కష్టం. హెచ్‌ఐవీ ఉన్న బాబుకి ఈ పరీక్షలు ముందుగానే అనుకోవాలి. హెచ్‌ఐవీ కారణంగా వీసా ఆపడం 2010 నుంచి లేదు. టీకాలకి భయపడకండి, పదేళ్ళ లోపు దత్తపిల్లలకి అమెరికా వచ్చాక వేయిస్తామని తల్లిదండ్రులు అఫిడవిట్ ఇస్తే చాలు.

మహారాణిపేట_వకీలు
కలెక్టరేట్ వైపు. 2022 సెప్టెంబరు 1 నుంచి దత్తత ఉత్తర్వు కోర్టు ఇవ్వదు, జిల్లా మేజిస్ట్రేట్ హోదాలో కలెక్టరు ఇస్తారు. విచారణ గోప్యంగా జరగాలి, రెండు నెలల్లో ముగియాలి. శిశుగృహ ఏ జిల్లాలో ఉంటే ఆ కలెక్టరే. 2022 ఏప్రిల్‌లో జిల్లాలు విడిపోయాక ఇక్కడ తికమక ఉంటోంది: బిడ్డ దొరికింది పాడేరు వైపు, అది ఇప్పుడు అల్లూరి సీతారామరాజు జిల్లా, కేంద్రం విశాఖలో. దరఖాస్తు విశాఖ కలెక్టరుకే.

ఇక పేర్లు. ఫైళ్ళని ఆపేది పెద్ద న్యాయ సమస్యలు కాదు, అక్షరాలు. కమిటీ ఉత్తర్వులో పేరు ఒక రకంగా, ఎన్ఓసీలో ఇంకో రకంగా, టీకా కార్డులో మూడో రకంగా. తెలుగు పేరుని ఇంగ్లీషులో రాసేటప్పుడు ఒక "హెచ్" ఎక్కువైనా పాస్‌పోర్టు దగ్గర ఆగుతుంది, వీసా దగ్గర మళ్ళీ ఆగుతుంది. మొదటి రోజే ఒక స్పెల్లింగ్ నిర్ణయించి ఫైలు లోపలి అట్ట మీద పెద్ద అక్షరాలతో రాసి పెట్టండి. పుట్టిన తేదీ తెలియని బిడ్డకి కమిటీ ఉత్తర్వులో ఉన్న తేదీయే అన్నిచోట్లా. కలెక్టరు ఉత్తర్వులో పాత పేరు, కొత్త పేరు, దత్త తల్లిదండ్రుల పూర్తి పేర్లు వాళ్ళ పాస్‌పోర్టుల్లో ఉన్నట్టే ఉండాలి. సంతకానికి పంపేముందు ఆ ముసాయిదాని ఇద్దరు వేరు వేరుగా చదవండి, ఒకరు గట్టిగా, మరొకరు పాస్‌పోర్టు కాపీ చూస్తూ.

డబ్బు విషయం స్పష్టంగా: విదేశీ కుటుంబం కేంద్రానికి ఇవ్వాల్సింది నిబంధనల్లో ఉన్న 5,000 డాలర్లు, రసీదుతో. అంతకు మించి విరాళం, కానుక, గదికి ఏసీ, ఏదీ వద్దు. సెక్షన్ 81 కింద పిల్లల అమ్మకానికి ఐదేళ్ళ వరకు కఠిన కారాగారం, లక్ష జరిమానా. మంచి మనసుతో ఇచ్చినా తీసుకోకండి. రేపు ఆ బిడ్డ పెద్దయి తన ఫైలు అడుగుతాడు, అందులో లెక్కలేని డబ్బు కనిపిస్తే తను కొనబడ్డానని అనుకుంటాడు.

అక్కయ్యపాలెం_వాసి
వెళ్ళాక పిల్లలు ఎలా ఉన్నారో ఎవరు చూస్తారు?

డల్లాస్_తెలుగు_హోమ్‌స్టడీ
మొదటి ఏడాది మూడు నెలలకోసారి, రెండో ఏడాది ఆరు నెలలకోసారి, మొత్తం ఆరు రిపోర్టులు. ఇంటికి వెళ్ళి బిడ్డని చూసి, ఫొటోలతో కారాకి పంపాలి. కుటుంబంలో ఇమడకపోతే అక్కడి ఏజెన్సీయే బిడ్డ రక్షణ చూసి, వేరే కుటుంబం వెతికి, కారాకి తెలపాలి. 18 ఏళ్ళ లోపు బిడ్డ శాశ్వత దత్తత వీసా మీద దిగగానే అమెరికా పౌరసత్వం వస్తుంది, కానీ పౌరసత్వ సర్టిఫికెట్ జాగ్రత్త చేయమని కుటుంబానికి గట్టిగా చెప్పాలి. పాత రోజుల్లో దత్తత వచ్చిన కొందరికి పౌరసత్వం లేదని పెద్దయ్యాక తెలిసి పడ్డ అవస్థ అంతా ఇంతా కాదు.

కొత్త_సోషల్‌వర్కర్_విశాఖ
ఒక పెద్ద ప్రశ్న మిగిలింది. విదేశీ కుటుంబం దొరికేలా ఉంటే పాప పాదాలకి, చెవులకి వైద్యం ఇక్కడ చేయించాలా, వాళ్ళ దగ్గరికి వెళ్ళేదాకా ఆపాలా? "అక్కడ మంచి ఆసుపత్రులుంటాయి, ఎందుకు తొందర" అంటున్నారు కొందరు.

ఫిజియో_గాజువాక
కట్లు ఆపకండి. నెలలు గడిచేకొద్దీ పాదం గట్టిపడుతుంది, రెండు కట్లతో పోయేది ఐదు కట్లవుతుంది. స్నాయువు మార్చే ఆపరేషన్ మాత్రం, కుటుంబం ఖాయమై నాలుగైదు నెలల్లో ప్రయాణం ఉంటే, ఆగొచ్చు. ఆపరేషన్ తర్వాత ఆరు వారాల కట్టు, వ్యాయామాలు, అమ్మానాన్నల చేతుల్లో జరిగితే మంచిది. కుటుంబం ఇంకా దొరక్కపోతే ఆ ఆలోచనే వద్దు, చేయించేయండి.

వినికిడి_సీతమ్మధార
చెవుల విషయంలో ఆగడానికి వీల్లేదండి. మాట నేర్చుకునే వయసు మొదటి ఐదేళ్ళే. అందులో ఒక ఏడాది కాగితాల్లో పోతే తిరిగి రాదు. బెరా పరీక్ష (శబ్దానికి వినికిడి నరం, మెదడు స్పందన కొలిచేది) రెండు చెవులకీ విడివిడిగా చేయించి, మిషన్ల కంపెనీ, మోడల్, సెట్టింగ్ కాగితం జత చేయండి. మిషన్ పెట్టినా ప్రయోజనం లేనంత లోపమైతే కాక్లియర్ ఇంప్లాంట్ (ఆపరేషన్‌తో చెవి లోపల అమర్చే పరికరం) సంగతి ఈఎన్‌టీ డాక్టరు ఇప్పుడే తేల్చాలి. ఇంప్లాంట్ చేస్తే పరికరం కార్డు, సీరియల్ నంబరు, మ్యాపింగ్ ఫైలు (బిడ్డకి సరిపోయేలా చేసిన సెట్టింగులు) బిడ్డతో పోవాలి. అవి లేకపోతే అక్కడి ఆడియాలజిస్టు మొదటి నుంచి మొదలుపెడతారు.

కేంద్రాల్లో మిషన్లు ఎందుకు పని చేయవంటే చెవి అచ్చు బిగుతై బిడ్డ పీకేస్తుంది. మూడేళ్ళ బిడ్డ చెవి పెరుగుతూ ఉంటుంది, ఆరు నెలలకోసారి కొత్త అచ్చు తీయాలి. అచ్చు వదులైతే ఈలవేస్తుంది, ఆ ఈల భరించలేక ఆయా ఆపేస్తుంది. విశాఖ గాలిలో తేమ ఎక్కువ, గొట్టంలో నీటిచుక్క చేరితే శబ్దం ఆగిపోతుంది. రాత్రి మిషన్లని సిలికా పొట్లం ఉన్న మూతడబ్బాలో పెట్టండి, బ్యాటరీ తలుపు తెరిచి.

కొత్త_సోషల్‌వర్కర్_విశాఖ
డబ్బా రేపే తెప్పిస్తాను మేడమ్. ప్రయాణానికి బ్యాటరీలు ఎన్ని పంపాలి? కడ్డీ బూట్లు సామానులో వేయొచ్చా?

ఫిజియో_గాజువాక
వద్దు, చేతి సంచిలోనే. పెట్టె తప్పిపోతే రాత్రుళ్ళు బూట్లు లేకుండా పోతాయి. తొడిగే తీరు వీడియో తీసి పంపండి: ముందు మెత్తటి మేజోడు, మడమ పూర్తిగా కిందికి దిగిందా చూడడం, మధ్య పట్టీ మొదట.

వినికిడి_సీతమ్మధార
బ్యాటరీ సైజు మిషన్ మీద ఉంటుంది. 13 అయితే నారింజ రంగు స్టిక్కరు, 675 అయితే నీలం. ఒక్కోటి వారం నుంచి రెండు వారాలు వస్తుంది. రెండు చెవులకీ రెండు నెలలకి పదహారు పంపండి. స్టిక్కరు తీశాక ఒక నిమిషం ఆగి పెట్టమని చెప్పండి, గాలి తగిలితేనే పని మొదలవుతుంది.

ఇంకొకటి, ఇది ఎవరూ పంపరు. పాప ఇప్పటిదాకా కేంద్రంలో వాడుతున్న సైగలు ఒక్కొక్కటీ వీడియో తీయండి. ఆ సైగలు ఏ భాషలోనూ ఉండవు, ఆయాలతో కలిసి తనే చేసుకున్నవి. నీళ్ళకి ఏం చేస్తుంది, బాత్రూముకి ఏం చేస్తుంది, భయమేస్తే ఏం చేస్తుంది, "ఎత్తుకో" అని ఎలా అడుగుతుంది. ఒక్కో సైగకి ఐదు సెకన్లు, కింద అర్థం రాసి. వాళ్ళు వచ్చి పాపని కలిసే రోజుకి కనీసం రెండు వారాల ముందు వాళ్ళ చేతికి అందాలి, నేర్చుకోవడానికి టైం ఉంటుంది.

కొత్త_సోషల్‌వర్కర్_విశాఖ
రాత్రి డ్యూటీ ఆయమ్మకి తెలిసిన సైగలు పద్నాలుగు ఉన్నాయట, ఇప్పుడే అడిగాను. రేపు ఉదయం వెలుతురులో తీస్తాం.